శనగ చేలో హైడ్రోజన్

తెల్లవారకముందే ఎల్లస్వామి కిరసనాయిలు డబ్బా మీద కర్రతో కొట్టడం మొదలుపెట్టాడు.

రేగళ్లపాడు మొత్తం లేచింది. తల్లులు పిల్లలను చంకనేసుకున్నారు. ముసలివాళ్ళు చేతికర్రలు వెతుక్కున్నారు. ఒకావిడ పొయ్యి మీది ఎసరు కుండతో సహా గుట్ట వైపు పరుగు తీసింది.

అది 1948 జనవరి. హుజూర్‌నగర్ చుట్టుపక్కల పల్లెలన్నీ ఒక కన్ను తెరిచి నిద్రపోతున్న రోజులు. రజాకార్ల లారీలు వస్తున్నట్టు తెలిస్తే వాగు అవతలి పల్లెవాళ్ళు తెల్లగుడ్డ ఊపాలి. అది కనబడగానే రేగళ్లపాడు మంచె మీద కాపలా ఉన్నవాడు డబ్బా కొట్టాలి. ఊరు గుట్టెక్కాలి. ఏర్పాటు అంతే.

ఎల్లస్వామికి గుడ్డ కనిపించింది. మంచులో తెల్లగా కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. అతను కొట్టాడు.

గుట్ట మీద అందరూ చలికి వణుకుతూ కిందికి చూశారు. లారీలు రాలేదు. పొద్దు పొడిచింది. అప్పుడు ఒక అమ్మాయి భుజం మీద తడి గుడ్డతో, చేతిలో కుండ మూతితో గుట్టెక్కి వచ్చింది. కుండకు మూతి ఒక్కటే మిగిలింది.

"డబ్బా కొట్టింది ఎవరు?" అంది.

అందరూ ఎల్లస్వామి వైపు చూశారు.

"నేనే. వాగు అవతల తెల్లగుడ్డ..."

"అవతల గాదు, ఇవతల. మా శనగ చేను. గుడ్డ నాది. నీ డబ్బా మోతకు ఉరికి బోర్లపడ్డ. ఇన్ని పొద్దులు పట్టిన పులుసు మట్టిల కలిసింది."

"చేన్ల పులుసేంది?"

గుట్ట మీద అప్పటిదాకా ఏడుస్తున్న పిల్లలు కూడా నవ్వారు. అతనితో కాపలా మార్చుకునే ఇస్రాయేలు ముందుకొచ్చాడు.

"ఎల్లన్నా, పట్నంల ఇంటర్ దాక చదివినవు. శనగ పులుసు ఎట్ల పడతరో జూడలేదా?"

చూడలేదు. చిన్నప్పుడు కడుపు బరువెక్కితే చెంచాడు తాగాడు గానీ, అది ఎక్కడి నుంచి వస్తుందో ఎన్నడూ అడగలేదు. చలికాలం శనగ ఆకుల నూగులో పులుపు ఊరుతుంది. రాత్రి కురిసిన మంచు అందులో కలుస్తుంది. పొద్దు పొడవకముందు పలుచని బట్టను మొక్కల మీదుగా ఈడ్చి, పిండి, మట్టికుండలో పట్టాలి. ఊళ్ళో ఆ పని నర్సింగమ్మ ఇంటిది. నర్సింగమ్మ మందు ఇచ్చే ముసలమ్మ. గుట్టెక్కి వచ్చిన అమ్మాయి ఆమె మనుమరాలు యాదలక్ష్మి.

ఎల్లస్వామి తండ్రి బాలయ్య ఊరి కాపలాకు పెద్ద. నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకుంటూ అన్నాడు. "తప్పు పోరనిది గాదు. తెల్లగుడ్డ జూసిండు, కొట్టిండు. బిడ్డా యాదలక్ష్మీ, ఇంకసారి చేన్లకు తెల్లగుడ్డ కొంటబోకు."

"మరి నల్లగుడ్డ కొంటబోవాలెనా, బాలయ్య మామా?"

"పసుపుల ముంచు."

"పసుపు మందుల దిగుతది."

"దిగదు," అన్నాడు ఎల్లస్వామి. "పసుపు నీళ్ళల్ల కరిగేది తక్కువ. రెండుసార్లు ఉతికితే చాలు. పులుపు తగిలినా రంగు మారదు. సున్నం తగిల్తెనే ఎర్రగైతది."

యాదలక్ష్మి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "డబ్బా కొట్టుడే గాక గిది గూడ వచ్చా నీకు?"

నర్సింగమ్మ అవ్వ అప్పటికి గుట్టెక్కి వచ్చింది. ఆయాసం లేదు. కుండ మూతిని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"పోయిన పులుసు మళ్ళ నిండేదాక ఈ పిలగాడు గుడ్డ పట్టాలె. రెండో కొస పట్టనీకె నాకు నడుము వంగుత లేదు. కాపలా ఇస్రాయేలు జూసుకుంటడు. ఏమంటవ్ బాలయ్యా?"

బాలయ్య డబ్బా కర్ర తీసి ఇస్రాయేలు చేతిలో పెట్టాడు. అంటే సరేనని.

*

పొడవాటి పాత పంచె. ఒక కొస యాదలక్ష్మి చేతిలో, ఇంకో కొస ఎల్లస్వామి చేతిలో. మధ్యలో శనగ మొక్కల వరుస. మొక్కల తలలు తాకేంత కిందికి వంచి, తాకీ తాకనట్టు ఈడ్వాలి. గట్టిగా ఈడిస్తే పూత రాలుతుంది. వదులుగా పడితే మంచు అంటదు.

"కిందికి వంచు. ఇంకా. అట్ల గాదు, కొంగలాగ నిలబడ్డవేంది?"

"నడుము పట్టింది."

"అవ్వకన్న ముసలోనివి ఐతివి."

చేను చివర గుడ్డను ఇద్దరూ చెరోవైపు మెలిపెట్టి కొత్త కుండలోకి పిండేవారు. పులుసు వేళ్ళ సందుల్లోకి పాకేది. డబ్బా కొట్టినప్పుడు కర్ర గీరుకుని ఎల్లస్వామి అరచేతిలో ఒక గీత పడింది. పులుసు తగిలినప్పుడల్లా అది భగ్గుమనేది. అతను పళ్ళు బిగించేవాడు. యాదలక్ష్మి చూసీ చూడనట్టు ఉండేది. రెండో పొద్దున ఏమీ అనకుండా ఒక గుడ్డపేలిక అతని చేతికి చుట్టి, ముడి వేసింది. అవసరమైన దానికంటే గట్టిగా వేసింది.

"అబ్బా! మెల్లగ."

"మెల్లగ ఏస్తే ఊడుతది."

వాగు మీద మంచు కదులుతుండేది. లారీ చప్పుడేమో అని ఇద్దరూ మధ్యమధ్య ఆగి వినేవారు. ఎద్దుల బండి అయితే ఊపిరి వదిలేవారు. ఆ దినాల్లో ఎవరూ ఒకచోట కుదురుగా కూర్చునేవారు కాదు. తింటున్నవాళ్ళు కూడా తలుపు వైపు తిరిగి తినేవారు. చేను మీద గుడ్డ ఈడుస్తున్నంతసేపు మాత్రం నడవడానికి ఒక కారణం ఉండేది.

"ఇది ఎందుకు పుల్లగుంటది?" అని ఒకరోజు యాదలక్ష్మి అడిగింది. "మీ కాలేజీల చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు. ఉర్దూల. ఆమ్లాన్ని తుర్షా అంటరు."

"ఉర్దూల చెప్తె ఉర్దూలనే పుల్లగుంటదా? తెలుగుల చెప్పు."

ఎల్లస్వామి ఆలోచించాడు. గుడ్డ వైపు చూశాడు.

"గిది జూడు. గుడ్డ ఒకటే. నువ్వొక కొస పట్టినవు, నేనొక కొస పట్టిన. గుడ్డను వదలం గనక ఇద్దరం ఒకదగ్గర్నే ఉన్నం. బంధమంటే గంతే. రెండు కణాలు నడుమ ఉన్నదాన్ని కలిసి పట్టుకుంటయి."

"మంచిగుంది. తర్వాత?"

"పులుసుల హైడ్రోజన్ అని చిన్న చిన్న కణాలుంటయి. కొన్ని కార్బన్ పక్కన ఉంటయి. కార్బన్‌ది మంచి గుణం. గుడ్డను సమంగ పడతది. ఆ హైడ్రోజన్ యాడికి పోదు. ఇంకొన్ని ఆక్సిజన్ పక్కన ఉంటయి. ఆక్సిజన్‌కు ఆశ ఎక్కువ. గుడ్డను తన దిక్కే గుంజుతది."

"గిట్లనా?"

ఆమె గుడ్డను ఒక్క గుంజు గుంజింది. కొస అతని చేతిలోంచి జారిపోయింది. ఎల్లస్వామి శనగ వరుసలో మోకాళ్ళ మీద పడ్డాడు.

"గిట్లనే," అన్నాడు లేవకుండానే. "ఇగ ఆ హైడ్రోజన్ చేతుల ఏం మిగల్లేదు. నీళ్ళు వచ్చి పిలిస్తె ఎంబడి పోతది. అట్ల పోయిన హైడ్రోజనే పులుపు."

"నీళ్ళు పిలవకుంటె?"

"పోదు. పొడి మీద పులుపు బయటపడదు."

"అబద్ధం. గుడ్డకు ఎండిన పులుసును నేను నాలిక్కి పెట్టి జూసిన. పుల్లగనే ఉంది."

"నాలిక తడిగ ఉండదా?"

యాదలక్ష్మి గుడ్డ కొసను మళ్ళీ అతని చేతికి ఇచ్చింది. ఆ పొద్దున ఆమె ఓడిపోయింది అదొక్కసారే. కంచె మీద పాకిన తీగ నుంచి అతను నీలం రంగు శంఖుపువ్వు కోసి పులుసులో ముంచాడు. వేళ్ళతో నలిపాడు. నీలం మెల్లగా ఎర్రబారింది. ఆమె ఆ పువ్వును అతని చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత పారేయలేదు. ఎక్కడ పెట్టుకుందో అతను చూడలేదు.

"పోయిన హైడ్రోజన్ యాడికి పోతది?"

"మళ్ళ వస్తది. గంధకం తేజాబు అని గట్టి ఆమ్లం ఉంటది, దాంట్ల పోయింది పోయినట్టే, తిరిగి రాదు. శనగ పులుసు గట్ల గాదు. కొన్ని పోతాంటయి, కొన్ని వస్తాంటయి. ఎప్పుడు జూసినా బయట ఉండేటియి కొన్నే. కుండ జూస్తే నిమ్మళంగ ఉంటది. లోపల మాత్రం ఒక్కటీ నిమ్మళంగ ఉండదు."

యాదలక్ష్మి కుండలోకి వంగి చూసింది. పులుసు కదలకుండా ఉంది. ఆమె ముఖం, పక్కన అతని ముఖం అందులో కనిపించాయి. ఇద్దరూ ఒకేసారి వెనక్కి జరిగారు.

*

కుండ నిండింది. శిక్ష ముగిసింది. ఎల్లస్వామి మళ్ళీ మంచె ఎక్కాడు. కింద చేలో యాదలక్ష్మి పసుపు గుడ్డను ఒక్కతే ఈడుస్తుండేది. రెండో కొసను కర్రకు కట్టుకుంది. అతనికి ఆ కర్ర మీద కోపం వచ్చేది.

ఊళ్ళో సగంమంది నిజాం సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు పోతున్నారు. అక్కడ రజాకార్లు రారు. యాదలక్ష్మి మేనమామ కూడా అక్కడే ఉన్నాడు. బండి పంపిస్తా, ముసలమ్మను తీసుకుని రమ్మని కబురు చేశాడు.

ఆ సాయంత్రం బావి దగ్గర ఆమె ఎల్లస్వామిని అడిగింది.

"అందరు పోతాండ్రు. మీరు రారా?"

"నాయిన ఊరు ఇడిసిపెట్టి రాడు. నాయిన రాకుంటె నేను రాను."

"మరి నేను పోతె?"

అతను చేద వైపు చూస్తూ అన్నాడు. "పో. పానానికి మంచిది."

ఆమెకు కావలసిన జవాబు అది కాదు. అతనికి ఆ సంగతి చేద పైకొచ్చేసరికి అర్థమైంది. అప్పటికి ఆలస్యమైంది.

"పానానికా? మంచిదే. పోయేదాక మాత్రం నా ఇష్టం. రేపటి నుంచి తెల్లగుడ్డనే ఈడుస్త. పసుపు నా చేతులకు దిగుతాంది. నువ్వు మంచె మీద కూసోని డబ్బా కొట్టుకో, కొట్టుకోకపో."

"యాదలక్ష్మీ, గట్ల జెయ్యకు."

"జేస్త! ఏం జేస్తవో జెయ్!"

బావి దగ్గర ఉన్నవాళ్ళంతా విన్నారు. చీకటి పడేలోగా ఊరంతా విన్నది. ఇస్రాయేలు మంచె దగ్గరికి వచ్చి నవ్వాడు. "రేపు మంచిగ జూసి కొట్టు, ఎల్లన్నా. ఇంకొకసారి ఊరిని ఉత్తగ గుట్టెక్కిస్తె, జనం నిన్ను గాడిద ఎక్కిస్తరు."

మరునాడు తెల్లవారుజామున మంచు ఎన్నడూ లేనంత దట్టంగా ఉంది. చేను కనబడలేదు. వాగు కనబడలేదు. ఎల్లస్వామి కళ్ళు నులుముకున్నాడు. చేను ఉండాల్సిన వైపు ఏదో తెల్లగా కదిలింది.

అది వాగుకు ఇవతలో అవతలో తెలియదు. కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

నిన్న ఆమె అన్న మాట చెవిలో ఉంది. ఊరి నవ్వు చెవిలో ఉంది. మంచె కింద ఇస్రాయేలు లేచి చూసి, "కొట్టకు. ఆ పొల్లే," అన్నాడు.

ఎల్లస్వామి కర్ర తీసుకుని డబ్బా మీద కొట్టాడు. ఇస్రాయేలు ఆపబోయాడు. అతను ఇంకా గట్టిగా కొట్టాడు.

ఊరు లేచింది. ఈసారి తిట్టుకుంటూ లేచింది. తిట్టుకుంటూనే గుట్టెక్కింది. ఆఖరి మనిషి బండరాళ్ళ వెనక్కి చేరేసరికి, కింద వాగు దాటుతూ మొదటి లారీ లైట్లు కనిపించాయి.

తల్లులు పిల్లల నోళ్ళు మూశారు.

యాదలక్ష్మి వాగు గట్టు చాటున పాక్కుంటూ, చుట్టు తిరిగి గుట్ట మీదికి వచ్చింది. ఒళ్ళంతా బురద. భుజం మీద తడిసిన గుడ్డ ఉంది. అది పసుపుది.

అందరూ ఆ గుడ్డను చూశారు. ఇస్రాయేలు ఎల్లస్వామి పక్కకు జరిగి అడిగాడు.

"తెల్లది పడత అని నిన్న బాయికాడ అందరి ముందల అన్నది. ఆమెది గాదని నీకెట్ల ఎరుక?"

"అన్నది. కానీ పట్టదు."

"ఎట్ల చెప్తవ్?"

"కోపంల అన్నది. ఊరి పానాలతోటి ఆడే మనిషి గాదు." అతను ఆగి, ఇంక దాచడానికి ఏమీ లేనట్టు అన్నాడు. "నేను చేన్ల రెండో కొస పట్టి నడిచిన. ఆమె సంగతి నాకు ఎరుక."

యాదలక్ష్మి తల వంచుకుంది. చలికో దేనికో గుడ్డను ఒంటికి చుట్టుకుంది. నర్సింగమ్మ అవ్వ మాత్రం తల వంచుకోలేదు. ఆ పిలగాడిని, మనుమరాలిని మార్చి మార్చి చూసింది.

కింద ఇళ్ళు అంటుకున్నాయి. నర్సింగమ్మ ఇల్లు అందులో ఉంది. కట్టేసిన ఎద్దులను విప్పడానికి బాలయ్య ఎవరూ చూడకుండా గుట్ట దిగాడు. ఎద్దులు తిరిగొచ్చాయి. ఆయన రాలేదు.

*

కర్మకాండ అయిపోయిన తర్వాత కూడా ఎల్లస్వామి తండ్రి చుట్టల పొట్లాన్ని గూట్లోంచి తీయలేదు. పగలంతా నడుస్తుండేవాడు. ఇంట్లోంచి చేనుకు, చేను నుంచి గుట్టకు, గుట్ట నుంచి మళ్ళీ ఇంటికి. కూర్చుంటే తండ్రి గొంతు వినిపిస్తుందని భయం. వినిపించదేమోనని ఇంకా భయం.

గుట్టల్లో రజాకార్లతో పోరాడే సంఘం దళం ఉంది. పిలిస్తే పోవచ్చు. పిలవకపోయినా పోవచ్చు.

మేనమామ బండి వచ్చింది. యాదలక్ష్మి మూటలు కట్టింది. బండి ఎక్కే ముందు అవ్వ ఎల్లస్వామి ఇంటి దర్వాజ దగ్గర కూలబడింది.

"నా తోటి గాదు, బిడ్డా. మోకాళ్ళు లేస్త లేవు. ఆ కుదుపులకు దోవలనే పోత. నువ్వు పో."

"నువ్వు లేంది నేను పోను, అవ్వా!"

"మీ మామ ఎదురు జూస్తాండు. వయసు పిల్లవు, నువ్వు ఈడ ఉండొద్దు. నేను ఎల్లస్వామి ఇంట్ల ఉంట. మన ఇల్లు కాలిపాయె, వాని ఇల్లు ఖాళీగుండె. కొడుకా, ఈ ముసల్దానికి ఇంత జొన్న గటక పోస్తవా?"

ఎల్లస్వామి తలూపాడు. ఏం ఒప్పుకుంటున్నాడో అతనికి అప్పుడు సరిగా తెలియదు.

యాదలక్ష్మి అతన్ని గోడ పక్కకు రమ్మని సైగ చేసింది. బండివాడు ఎద్దుల మెడ పట్టెడలు సర్దుతున్నాడు.

"ఒక మాట అడుగుత. నిజం చెప్పు. దళంల కలుస్తనని అనుకుంటున్నవా?"

"అనుకుంటున్న."

"పో అని అన, వద్దని అన. ఒక్కటే అడుగుత. నువ్వు పోయి రాని తేజాబువా, పోయి వచ్చే పులుసువా?"

"ఏం చెప్పాలె, యాదలక్ష్మీ? నాకు నేనే తెలుస్త లేను."

"తెల్వకపోతె తెలుసుకో. మా అవ్వకు పొద్దుగాల అంబలి, మాపటికి గటక. పులుపు ఎక్కువ తినకుండ జూడు." ఆమె మూట ముడిని మళ్ళీ బిగించింది. "నేను ఆడ నిమ్మళంగ ఉంట అనుకోకు."

బండి కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. అతను మలుపు దాకా బండి వెంట నడిచాడు. మలుపు తర్వాత ఇంకొంచెం నడిచాడు. అవ్వ ఇంట్లో ఒక్కతే ఉందని గుర్తొచ్చి వెనుదిరిగాడు.

*

ఎండాకాలం వచ్చింది. శనగ కోత ఎప్పుడో అయిపోయింది. ఎల్లస్వామి ప్రతిరోజూ దళంలోకి పోదామనుకునేవాడు. ప్రతిరోజూ అవ్వకు ఏదో ఒకటి కావలసి వచ్చేది.

"కొడుకా, కాళ్ళు గుంజుతానయి. జర తైలం తే."

"కొడుకా, ఆ మందు చెట్టు ఏరు దెచ్చి దంచు. మెత్తగ. ఇదేనా మెత్తగ? మీ నాయిన నీకు ఇదే నేర్పిండా?"

"రేపు గుట్టకాడ పిల్లగాండ్లకు జరం. మందు నువ్వే ఇచ్చి రావాలె. ఇచ్చి మాపటి వరకు రావాలె. నాకు ఒక్కదానికి భయమైతది."

ఆమెకు భయమంటే ఏమిటో తెలుసని అతనికి అనిపించలేదు. అయినా మందు ఇచ్చి తిరిగొచ్చేవాడు. తండ్రి గురించి ఆమె ఎన్నడూ ఓదార్చలేదు. గటక పోసినప్పుడు మాత్రం ఒక ముద్ద తీసి పక్కన పెట్టేది. అది ఎవరికని అతను అడగలేదు. కొన్నాళ్ళకు ఆ ముద్ద తనే తీసి పెట్టడం మొదలుపెట్టాడు.

వానలు పడ్డాయి. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. ట్యాంకులు సూర్యాపేట దోవన పోతున్నాయని ఒకరు, నిజాం లొంగిపోయాడని ఇంకొకరు ఉరుక్కుంటూ చెప్పారు. రజాకార్లు ఎటు పోయారో తెలియలేదు. సరిహద్దు నుంచి బండ్లు తిరిగి రావడం మొదలైంది.

ఎల్లస్వామి రోజూ మలుపు దాకా పోయేవాడు. ఇస్రాయేలు అతన్ని చూసి, "ఇయ్యాల గూడ ఎద్దులు తప్పిపోయినయా ఎల్లన్నా?" అనేవాడు. ఎద్దులు కొట్టంలోనే ఉండేవి.

బండ్లు వచ్చాయి. ఆమె రాలేదు. మేనమామ ఆమెను అక్కడే ఎవరికైనా ఇచ్చి చేశాడేమోనన్న అనుమానం అతన్ని మలుపు దాటి ఇంకొంచెం నడిపించేది. అవ్వను అడగడానికి నోరు రాలేదు. ఒకరోజు అడిగాడు.

"నాకేం ఎరుక?" అంది అవ్వ. "ఈడ కూసున్నదాన్ని."

ఆ సాయంత్రం వాన దంచికొట్టింది. నల్లరేగడి కాళ్ళను పట్టుకుంటే వదలడం లేదు. మలుపు దగ్గర ఒక బండి చక్రం దిగబడి ఆగిపోయింది. బండివాడు ఎద్దులను అదిలిస్తున్నాడు. వెనక చక్రాన్ని ఒకామె భుజంతో నెడుతోంది. మోకాళ్ళ దాకా బురద, జుట్టంతా ముఖానికి అంటుకుంది.

ఎల్లస్వామి పరుగెత్తి రెండో చక్రం పట్టుకున్నాడు.

"ఇంత ఆలస్యమా?" అన్నాడు నెడుతూ.

"వాగు పొంగింది. ఆ గట్టున మూడు పొద్దులు కూసున్నం. నెట్టు!"

"నెడుతనే ఉన్న!"

"పట్నపోళ్ళు నెట్టినట్టు నెట్టకు!"

చక్రం ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఇద్దరూ బురదలో కూర్చుండిపోయారు. వాన ఇద్దరి మీదా సమంగా కురుస్తోంది. ఆమె అతని ముఖం వంక చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

"ఉన్నవు," అంది. "దోవ పొడుగునా అదే అనుకుంట వచ్చిన. ఉంటవా లేవా అని."

"నిన్ను ఆడ్నే ఇచ్చి జేసిండ్రేమో అని నేననుకున్న."

"జూసిండ్రు. ఇద్దరిని జూసిండ్రు. ఊరికి పోయి మా అవ్వను అడగాలె అన్న." ఆమె కొంగు పిండుకుంది. "అవ్వను అడిగేది ఇంకొకటి ఉంది. అది నువ్వు అడగాలె."

అతను అప్పుడే అడిగాడు. అంటే, ఇంటికి పోయి, తడిసిన బట్టలతో, అవ్వ ముందు నిలబడి అడిగాడు. చదువుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"అవ్వా, యాదలక్ష్మిని నాకు ఇస్తవా?"

అవ్వ మనుమరాలి తల తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

"నాయిన పోయి ఏడాది గాలేదు. ఏటి సూతకం తీరకుంట పెండ్లి మాట ఉండదు."

"తీరేదాక ఆగుత."

"ఆగుతవు. తెలుసు." అవ్వ లేచింది. చకచకా నడిచి గూట్లోని దీపం తెచ్చింది. ఎల్లస్వామి ఆ నడక చూశాడు. యాదలక్ష్మి కూడా చూసింది.

"అవ్వా! మోకాళ్ళు?"

"ఏం మోకాళ్ళు? జగ్గయ్యపేట దాక నడవలేననుకున్నవా? వీడు ఒక్కడే ఉంటే బాలయ్య పోయిన బాధకు తుపాకి పట్టుకొని పోతుండె. రోజూ ఇంటికి తిరిగొచ్చే పని ఒకటి వానికి పెట్టాలె గద. అందుకె కూలబడ్డ." దీపం వత్తి సరిచేసింది. "నా కాళ్ళు వీడు అన్ని దినాలు ఒత్తిండు. మంచి పిలగాడే."

ఎల్లస్వామి గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. తండ్రి పోయిన తర్వాత అతను ఒక్కచోట అంతసేపు నిలబడడం అదే మొదలు.

"అయితే నేను ఇప్పుడు..." అన్నాడు చివరికి.

"ఇప్పుడేంది? మా ఇల్లు కాలిపాయె. నేను ఈడనే ఉంట. నేను ఉన్నదగ్గరే నా మనుమరాలు. పెండ్లి గాని ఇద్దరు ఒక కప్పు కింద ఉంటరా? సూతకం తీరేదాక నీ పండుకునుడు మంచె మీద. గొంగడి తీస్కపో. వాన ఎక్కువైతె ఇస్రాయేలు ఇంటికి పో."

"ఇది నా ఇల్లు, అవ్వా!"

"కాదని ఎవరన్నరు?"

యాదలక్ష్మి గొంగడి మడిచి అతని చేతిలో పెట్టింది. నవ్వు దాచుకోవడానికి పెదవి కొరుక్కుంది. దాగలేదు.

ఎల్లస్వామి తన ఇంట్లోంచి తానే వెళ్ళగొట్టబడి, వానలో గొంగడి నెత్తిన వేసుకుని వాకిలి దాటాడు. నాలుగు అడుగులు పోయి వెనక్కి తిరిగాడు. దర్వాజలో ఆమె ఇంకా నిలబడే ఉంది.

"పొద్దుగాల తిననీకె రావచ్చునా?" అని అరిచాడు.

"రా," అంది. "బురద కడుక్కొని రా."